కాలేజీకి వెళ్ళిన కోడలు

రామచంద్రపురంలో భానుమూర్తి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఏ విషయమైనా నిరూపించి చూపగల సమర్థుడు. అయినా మాటలతో ఒప్పించిన మనిషి వీధి మలుపు తిరిగేలోగా మళ్ళీ మొదటికొస్తాడని ఆయన నమ్మకం. అందుకని అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళో ఎక్కడికో తీసుకెళ్ళేవారు. కొందరికి జవాబు దొరికేది, కొందరికి కాళ్ళ నొప్పులు దొరికేవి. నాకు రెండూ అనుభవమే.

ఒకసారి త్రిమూర్తులు ఆయన్ని అడిగాడు. ఇంటర్ రోజుల నుంచి మాస్టారి శిష్యుడు. తండ్రి హఠాత్తుగా పోవడంతో డిగ్రీ మధ్యలో మానేసి రైసుమిల్లులో యంత్రాలు చూసుకునే పనిలో చేరాడు. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"మాస్టారూ, ఆన్‌లైన్ డిగ్రీలో చేరడానికి రేపే ఆఖరి రోజండి. పోయినేడు ఓసారి చేరి, మొదటి పరీక్షలకే చేతులెత్తేశాను. ఈసారీ మధ్యలో వదిలేస్తే నా మాట ఇంక నేనే నమ్మను. గురువు ఎదురుగా లేకుండా, ఇంట్లో కూర్చుని చదివితే చదువొస్తుందంటారా?"

"పోయినేడు ఎక్కడ చదివావు?" అన్నారు మాస్టారు.

త్రిమూర్తులు దాచకుండా చెప్పాడు. ఎప్పుడు వీలైతే అప్పుడు చూసుకోవచ్చని ప్రకటనలో రాశారు కదా అని, అతను అలాగే చూశాడు. మిల్లులో ఒక చెవికి పాఠం, రెండో చెవికి మోటారు చప్పుడు. ఇంట్లో అన్నం తింటూ కొంత, చిన్నపిల్లకి జడ వేస్తూ కొంత. తీరిక లేనప్పుడు పాఠాన్ని రెట్టింపు వేగంతో పరుగెత్తించాడు. పాఠాలన్నీ పూర్తయినట్టు ఫోనులో పచ్చగీత నిండిపోయింది. పరీక్షలో మాత్రం కాగితం తెల్లగా ఉండిపోయింది. ఇది చెప్పేటప్పుడు నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ సావరం రోడ్డు పక్క సందులో ఒక రేకుల ఇంటి ముందు ఆగేసరికి సాయంత్రం ఏడు కావస్తోంది. అది సత్యవేణి ఇల్లు. ఆమె అంగన్‌వాడీ టీచరు. భర్త సూరిబాబుకి మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపుంది. వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆమె అత్తగారు అప్పాయమ్మ కూర్చునుంది.

"రండి మాస్టారూ, కూకోండి. కోడలు లేదండి, కాలేజీకెళ్ళింది. ఎనిమిదింటికి వచ్చేత్తాది."

మాస్టారు బల్ల మీద కూర్చుని తనూ నాలుగు చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకున్నారు. త్రిమూర్తులు పక్కన కూర్చున్నాడు. వసారా చివర ఒక మూలకి అడ్డంగా పాత నీలం చీర తాడు మీద వేలాడుతోంది. కాసేపటికి ఆ చీర వెనక నుంచి ఒక ఆడగొంతు స్పష్టంగా వినపడింది.

"సార్, ఇందాక మీరు చెప్పిన రెండో కారణం నాకు అర్థం కాలేదండి. ఇంకోసారి చెప్తారా?"

దానికి ఎక్కడో దూరం నుంచి ఒక మగగొంతు, విసుగు లేకుండా, మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. త్రిమూర్తులు ఉలిక్కిపడ్డాడు.

"అదేంటమ్మా, ఆవిడ లోపలే ఉన్నారుగా!"

అప్పాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "లోపలుంటే? కాలేజీలో ఉంది."

ఇంతలో సూరిబాబు హడావిడిగా వచ్చాడు. "అమ్మా, బీరువా తాళం ఎక్కడ పెట్టిందే?" అన్నాడు. "నీ పెళ్ళాం వచ్చాక అడుగు" అంది తల్లి. పెళ్ళాం సరిగ్గా ఆరడుగుల దూరంలో, చీరకి అవతల కూర్చునుంది. సూరిబాబు ఆ చీర వైపోసారి చూశాడు. పిలవడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. లోపలికెళ్ళి డబ్బాలన్నీ కదిపి, దేవుడి పటం వెనక ఉన్న తాళం తనే సంపాదించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కుక్కర్ నాలుగుసార్లు కూసింది. అప్పాయమ్మే మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి కట్టేసి వచ్చింది.

త్రిమూర్తులి చెవులు చీర దగ్గరే ఉండిపోయాయి. పోయినేడు ఏడాదిపొడుగునా వారానికి రెండుసార్లు ఆ విధంగానే పంతులు ఫోనులో ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని ప్రతిసారీ అడిగేవాడు. త్రిమూర్తులు ఒక్కనాడూ నోరు విప్పలేదు సరికదా, ఆ సమయంలో ఫోను జేబులో పెట్టుకుని కూరగాయలు కొనేవాడు. గురువు ఎదురుగా లేడని మాస్టారితో తను అన్న మాట గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది. నాతో చెప్పినప్పుడు కూడా ఆ సిగ్గు అతని ముఖంలో ఉంది.

ఎనిమిదింటికి చీర వెనక ఉన్న పెరటి తలుపు చప్పుడైంది. నిమిషం తర్వాత సత్యవేణి వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఇస్త్రీ చీర, భుజాన సంచి, కాళ్ళకి చెప్పులు. పెరట్లోంచి బయటికెళ్ళి, సందు తిరిగి, ముందు నుంచి వచ్చిందన్నమాట. కాళ్ళు కడుక్కుని, "వచ్చానత్తా" అంది.

"ఏం చెప్పారే ఈయాల?" అంది అప్పాయమ్మ.

"మూడేళ్ళ పిల్లాడు చెప్పిన మాట ఎందుకు వినడో చెప్పారు."

"అది నన్నడిగితే నేనే సెప్పేదాన్ని కదే" అంది ముసలావిడ, గర్వం దాచుకోకుండా.

మాస్టారు శిష్యుణ్ణి పరిచయం చేశారు. త్రిమూర్తులు ఉండబట్టలేక అడిగేశాడు. "మొదట్నించీ ఇలాగేనా అమ్మా?"

"ఎక్కడండీ! మొదటేడు మూడు పేపర్లు పోయాయి" అంది సత్యవేణి. "కాలేజీ మన ఇంటికే వచ్చింది కదా అని సంబరపడ్డానండి. వచ్చినదానికి కనీసం కుర్చీ వెయ్యలేదు. పొయ్యి దగ్గర నిలబెట్టే మాట్లాడాను."

"దాని తప్పొక్కటే కాదు బాబూ" అంది అప్పాయమ్మ. "నా తప్పూ ఉంది. అది సదువుతుంటే పాలు చూడమనేదాన్ని, బట్టలు తియ్యమనేదాన్ని. ఇంట్లోనే ఉంది కదా అని. పేపర్లు పోయినాడు అది అన్నం తినకుండా ఏడిసింది. అప్పుడు నేనే సెప్పాను. 'ఎదురుగా కనపడితే నీకు పని సెప్పకుండా ఉండలేనే, అది నా బుద్ధి. నువ్వు కాలేజీకెళ్ళిపో' అన్నాను. 'ఎక్కడికెళ్ళను?' అంది. 'ఎక్కడికో ఒకసోటికి. నాతో సెప్పి, సెప్పులేసుకుని ఎల్లు' అన్నాను. మొదట్లో సందులో వాళ్ళంతా నవ్వారండి. ఇప్పుడాళ్ళూ ఎనిమిది దాటాకే వత్తన్నారు."

సత్యవేణి ఆ మాటకి తలొంచుకుంది. పోయిన మూడు పేపర్లూ ఈ ఏడు రాసి గట్టెక్కిందని, వచ్చే ఏడుతో డిగ్రీ చేతికొస్తుందని మాస్టారు చెప్పారు. ఆమె మాత్రం త్రిమూర్తుల్ని పట్టుకుని నాలుగు ప్రశ్నలు వేసింది. మీరు చేరబోయే యూనివర్సిటీకి గుర్తింపు ఉందా? పరీక్ష ఎక్కడికెళ్ళి రాయాలి? మిల్లులో ఆ రోజులకి సెలవిస్తారా? అర్థం కాకపోతే ఎవర్ని అడగాలో పేరు కనుక్కున్నారా? ఈసారి యూనివర్సిటీ వేరు; త్రిమూర్తులు చూసిందల్లా దాని ప్రకటనలో పుస్తకం పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఈసారి ఆ సంగతి చెప్పి తనే పగలబడి నవ్వాడు, అందరూ నవ్వారు. అప్పాయమ్మ ఒలిచిన చిక్కుడు గింజలు గుప్పెడు పొట్లం కట్టి, వద్దంటున్నా అతని జేబులో కుక్కింది.

తిరిగి వస్తుంటే, వంతెన దాటాక త్రిమూర్తులు నెమ్మదిగా అన్నాడు. "మాది రెండు గదుల ఇల్లండి. పిల్లలిద్దరూ ఒకటే అల్లరి. మా ఆవిడ ఈ మాట వింటే ఏమంటుందో."

"అడిగావా ఎప్పుడైనా?"

"లేదండి. పోయినేడు చేరినట్టు కూడా తనకి చెప్పలేదు. పాసయ్యాక చెబుదామనుకున్నాను." కొంచెం ఆగి, "రేపు పొద్దున్నే ఆ నాలుగూ కనుక్కుని, సరిగ్గా ఉంటే దరఖాస్తు పెట్టేస్తానండి" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి బెరుకు లేదు.

"మంచిది. ఇంట్లో చెప్పి వెళ్ళు."

త్రిమూర్తులు ఆశ్చర్యపోయాడు. "ఎక్కడికి వెళ్ళాలండీ? దరఖాస్తు కూడా ఫోనులోనే కదా. ఇంట్లోంచి కదలక్కర్లేదు."

"అందుకే" అన్నారు మాస్టారు, "చెప్పి వెళ్ళు."