వేపమండ కట్టిన గుమ్మం

అనగనగా, ఏటి పక్కన ఒక పట్నం. పట్నానికి రాజు ఉన్నాడు గాని, ఇళ్ళకు రాజు మాత్రం రత్నాకరుడనే వర్తకుడు. గట్టు మీద మెట్టవీధిలో ఇళ్ళన్నీ ఆయనవే.

ఒక వేసవిలో ఆ పట్నానికి మశూచి వచ్చింది. ఎవరి ఇంట అమ్మవారు పోసినా గుమ్మానికి వేపమండ కట్టడం అక్కడి ఆచారం. అది చూసి బయటివాళ్ళు లోపల అడుగు పెట్టరు. గంజి తెచ్చి గడప అవతలే పెట్టి వెళతారు.

పల్లపు వీధుల్లో వేపమండలు పెరిగేసరికి జనం మెట్టవీధికి ఎగబడ్డారు. అద్దెలు రెట్టింపయ్యాయి. ఇంతలో మెట్టవీధిలోనూ కొన్ని గుమ్మాలకు వేపమండలు వేలాడాయి. ఇల్లు చూడవచ్చినవాళ్ళు ఆ పూటే వెనక్కి తిరిగారు.

రత్నాకరుడికి గుండె గుభేలుమంది. జబ్బుకు కాదు సుమండీ, అద్దెకు!

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనుకుని ఆయన చాటింపు వేయించాడు. "నా ఇళ్ళకు వేపాకు కనబడితే సామాను వీధిలో ఉంటుంది!"

పాపం, ఒళ్ళు కాలే బిడ్డను ఎత్తుకుని ఎక్కడికి పోతారు? అందరూ మండలు తీసేశారు. వీధి చూడముచ్చటగా ఉందని కొత్తవాళ్ళు వచ్చి చేరారు. చేరినవాళ్ళు చేరినట్టే మంచాన పడ్డారు.

చాపలల్లే గవరమ్మ ఒక్కతే తీయలేదు. ఆమె కూతురు లోపల మూలుగుతోంది.

మొదట గుమాస్తా వచ్చాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారీనా గవరమ్మా? తీసెయ్యి."

"నా బిడ్డకొచ్చింది ఇంకో బిడ్డకు అంటించమంటావా బాబూ? తియ్యను."

తరవాత ఇరుగుపొరుగు వచ్చారు. "నీ మండ చూసి ఆయన మా ఇళ్ళూ వెతికిస్తే, మాకూ నీడ లేకుండా పోతుందే అక్కా!" అన్నారు. గవరమ్మ ఏడ్చింది. ఏడ్చిందే గాని మండ తీయలేదు.

మూడోసారి రత్నాకరుడే నౌకర్లతో వచ్చి దూరాన నిలబడ్డాడు. "దాని సామాను బయట పడెయ్యండి!" అని అరిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నౌకర్లు వేపాకు చూసి గడప దాటడానికి జంకారు. గవరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

అంతలో ఒక బండి వచ్చి ఆగింది. అందులో రత్నాకరుడి కోడలు, ఒళ్ళో పసిపాప.

"మామగారూ! మనింట్లో వంటమనిషికి అమ్మవారు పోసింది. పాపను ఎక్కడ పెట్టను?"

రత్నాకరుడు ఎదుటి తలుపు తట్టాడు. "మీ ఇంట్లో ఎవరికైనా పోసిందా?"

"అబ్బే, అంతా క్షేమం బాబూ!" లోపల ఎవరో మూలిగారు.

రెండో తలుపు తట్టాడు. "క్షేమమే" అన్న మనిషి తల ఎత్తలేదు.

మూడో తలుపు తట్టాడు. "మీరు చెప్పమన్నట్టే చెబుతున్నాం బాబూ. క్షేమమే."

వీధి పొడుగునా శుభ్రమైన గుమ్మాలు. ఒక్క గుమ్మాన్నీ ఆయన నమ్మలేకపోయాడు. ఎండలో మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది. రత్నాకరుడు వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"గవరమ్మా, నువ్వైనా నిజం చెప్పు తల్లీ!"

గవరమ్మకు ఒళ్ళు మండింది. మండదా మరి? ఆమె నోరు మూసుకుంటే చాలు, ఆయన పాపం ఆయన్నే కొడుతుంది. కాని బండిలో ఉన్నది పసిది.

"ఈ వీధిలో చంటిదాన్ని దించకండి బాబూ. గోడకు గోడ కలిసిన ఇళ్ళు, ప్రతి ఇంటి ఏడుపూ నాకు వినబడుతోంది. ఏటవతల మామిడితోపులో మా చాపల పాక ఉంది. జబ్బు రాకముందు నుంచీ అటు ఎవరూ పోలేదు. అక్కడికి పంపండి."

బండి ఏరు దాటింది. పాప బతికింది. కొన్నాళ్ళకు గవరమ్మ కూతురూ లేచి కూర్చుని గంజి అడిగింది.

రత్నాకరుడు బండి ఏరు దాటిన సాయంత్రమే దగ్గరుండి జబ్బున్న ప్రతి గుమ్మానికీ వేపమండ కట్టించాడు. అద్దెలు పడిపోయాయి. అయినా ఎవరినీ ఖాళీ చేయించలేదు. కాని జబ్బు దాచిన రోజుల్లో ఆ వీధి నుంచి వెళ్ళిన పాడెలను వెనక్కి తేవడం ఎవరి తరం?

లోకం కళ్ళకు గంతలు కట్టినవాడు, ఆపదవేళ తన దారి తానే కానలేడు.