ఏ ఇంటిదీ కాని తోడు

ఒక ఊళ్లో ఒకావిడకి ఒక గేదె ఉండేది. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు కూడా ఉండేది. ఇల్లు కాపురానికి, బజారు బేరానికి అని.

ఆవిడ ఇంట్లో చూపులేని అత్తగారు తప్ప మరో మనిషి లేదు. పాలు తోడుపెట్టి అరుగుమీదే పెరుగు అమ్ముకుంటే గేదెకి తవుడు, మనుషులకి బువ్వ వెళ్లిపోతాయి. బజారుకి వెళ్లి కూర్చుందామంటే అత్తగారిని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలాలి. ఏదీ చెయ్యకపోతే పున్నమి సంతకి గేదెని తోలాలి. బేరగాడు అప్పటికే వచ్చి గేదె పళ్లు చూసి వెళ్లాడు.

అందుకని ఆవిడ పంచాయతీకి అర్జీ పెట్టుకుంది.

పంచాయతీలో అయిదుగురు. చెడ్డవాళ్లు కారు. ఒకాయన ఈగలు ముసురుతాయన్నాడు. ఒకాయన సందు ఇరుకు, జనం నిలబడితే బండి తిరగదన్నాడు. ఎండా వానా లేకపోయినా గొడుగు వదలని ఆయన ఒకడున్నాడు. ఇవాళ ఈవిడ పెరుగంటుంది, రేపు పక్కింటాయన కొలిమి పెడతానంటాడు, అప్పుడేం చెప్తాం అన్నాడు. ఆ మాటకి అందరూ తలలూపారు. ఎవరూ పెట్టని కొలిమి మోత వాళ్ల చెవుల్లో అప్పుడే పడింది.

ఆవిడ కదల్లేదు. ముంతలకి పల్చటి గుడ్డ కడతానంది. వచ్చినవాళ్లని గోడవార నిలబెడతానంది. కొలిమి సంగతి కొలిమివాడు వచ్చినప్పుడు అతన్నే అడగండంది.

మధ్యాహ్నమైంది. కాదనడానికి కారణాలు అయిపోయాయి. ఔననడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు పంచాయతీ పెద్దాయన ఒక దారి వెతికాడు. ఇంటి వస్తువు బేరంలో కలవకుండా ఉంటే ఇంట్లో చేసినా బజారులో చేసినట్టే లెక్క కదా అన్నాడు. ఆవిడ సంతోషించి కుండలు వేరు పెడతానంది, పొయ్యి కూడా వేరు పెడతానంది.

"మరి తోడెక్కడిదమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"మా ఇంట్లోదే బాబూ. నిన్నటి పెరుగు."

"అది కుదరదు. ఇంటి తోడు పడ్డాక అది ఇంటి పెరుగే."

పక్కింట్లో అడిగి తెచ్చుకుంటానంది. పక్కిల్లూ ఇల్లేగా అన్నాడు గొడుగాయన. చివరికి గుమాస్తా తీర్మానం రాశాడు. ఏ ఇంటిదీ కాని తోడుతో తోడుకున్న పెరుగైతే అరుగుమీద అమ్ముకోవచ్చు. పున్నమిలోగా తెచ్చి చూపించాలి.

అయిదుగురూ తేలికపడిన మనసుతో భోజనాలకి లేచారు. కాదని ఎవరూ అనలేదు కదా.

ఆవిడ బజారంతా తిరిగింది. మిఠాయికొట్టు తోడు కొట్టాయన భార్య పంపుతుందట. హోటలు వంటాయన వాళ్లమ్మ దగ్గర తెచ్చుకుంటాడట. బజారులో ఎవర్ని కదిపినా వెనకాల ఒక ఇల్లే తేలింది. మిఠాయికొట్టాయన నవ్వి, "ఇల్లు లేనివాడు చందమామ ఒక్కడేనమ్మా, ఆయన్నడుగు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ అత్తగారికి చెప్పింది.

"ఒసే, లోకంలో మొట్టమొదట పెరుగు తోడేసినావిడకి తోడెవరిచ్చారే?" అంది ముసలావిడ.

వింతే మరి. ఆ మొదటావిడకి తోడిచ్చే పక్కిల్లు లేదు. అయినా పెరుగు వచ్చింది, మనదాకా వచ్చింది. ఏదో ఒకటి వేసి, చూసి, పారబోసి, మళ్లీ వేసే ఉంటుంది.

మర్నాటి నుంచి ఈవిడా అదే పని పెట్టుకుంది. గోరువెచ్చని పాలల్లో చింతపండు వేసింది. పాలు విరిగాయి. నిమ్మరసం పిండింది. విరిగాయి. విరిగిన పాలు సొరపాదుకి పోసి మళ్లీ గేదె దగ్గర కూర్చుంది. తవుడు కొనే దారి లేక గేదె ఉత్త గడ్డి నమిలింది, పాలు తగ్గించింది. బేరగాడు మరోసారి వీధిలోంచి తొంగిచూసి వెళ్లాడు. ఆవిడ అతనికి మంచినీళ్లిచ్చింది గాని మాటివ్వలేదు.

ఒకరోజు చేలోకి వెళ్లి పండుమిరపకాయలు కోసుకొచ్చింది. తొడిమలు తుంచి పాలల్లో వేసి మూతపెట్టింది. పొద్దున చూస్తే జిగటగా తీగలు సాగింది. అందులోంచే చెంచాడు తీసి ఆనాటి పాలల్లో వేసింది. కొంచెం నయం. అందులోంచి మరో చెంచాడు. నాలుగోనాటికి ముంత వంచితే పెరుగు కదల్లేదు.

పున్నమి రేపనగా ఆ ముంతని పంచాయతీ బల్లమీద పెట్టి, అందరి ముందూ పక్కకి వంచింది.

"చేలో మిరపతొడిమలతో తోడుకుంది బాబూ. చేను ఎవరిల్లూ కాదు."

అయిదుగురూ రుచి చూశారు. గొడుగాయన రెండుసార్లు చూశాడు. ముద్ర పడింది.

గేదె ఇంట్లోనే ఉండిపోయింది. అరుగుమీద చేను పెరుగు, లోపల ఉట్టిమీద ఇంటి పెరుగు. తీర్మానంలో రాసిన మాట ఆవిడ తప్పలేదు, ఒకదాని గరిటె ఒకదాంట్లో పెట్టలేదు. చేను పెరుగు గడ్డగా, కమ్మగా ఉండేది. గుమ్మం ముందే అంత పెరుగు దొరుకుతుంటే చాకిరీ ఎందుకని ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే పాలు తోడుపెట్టడం మానేశారు.

రెండేళ్లు గడిచాయి. ఒక సాయంత్రం పంచాయతీ పెద్దాయన చిన్న గిన్నె పట్టుకుని వచ్చాడు. మర్నాడు వాళ్ల నాన్నగారి తద్దినం. ఆ రోజు విస్తట్లో అమ్మకపు పెరుగు వడ్డించకూడదని, ఇంటి తోడుతో తోడుకున్నదే ఉండాలని వాళ్ల ఆనవాయితీ. పాలు కాచి పెట్టారు. తోడు మాత్రం వాళ్లింట్లో లేదు. ఊరంతా అడిగాడు, ఏ ఇంట్లోనూ లేదు. దీపాలు పెట్టాక తోడు అడగకూడదు, పొద్దు చూస్తే గోడ దిగుతోంది.

ఎంతిమ్మంటే అంతిస్తానన్నాడు.

"అరుగుమీదది కావలసినంత కొనుక్కోండి బాబూ. లోపలిది అమ్మడానికి లేదు, మీరే రాయించారు" అంది ఆవిడ. వెటకారానికి అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "ఇంతకీ మీరు కొట్టుకొచ్చారా, ఇంటికొచ్చారా?"

పెద్దాయన అరుగు వంక చూశాడు, గుమ్మం వంక చూశాడు. రెంటికీ మధ్య ఒక్క మెట్టుంది.

లోపల్నుంచి అత్తగారు, ఎవరే వచ్చింది, అని కేకేసింది. జవాబు ఆయనే చెప్పాలని ఆవిడ ఆగింది.

పెద్దాయన గిన్నె ఎడమచేతిలోకి మార్చుకుని, వంగి చెప్పులు విడిచాడు.