పూలు మోసిన బండి

రాజుగారి బండ్లశాల అధికారి భూపతిరాయుడు నోరు తెరిస్తే ఒట్టే. పాత పెద్దబండిని నూకాలికి అంటగడుతూ కూడా ఒట్టేశాడు. "ఇది ఉత్సవాల బండి. పూలు మోసిందే తప్ప రాయి ఎరగదు."

సున్నపురాళ్లు తోలుకుని బతికే నూకాలు నమ్మి కొంది. తొలి బరువుకే కొండవాలులో ఇరుసు విరిగి, బండి ఒరిగి, ఆమె ఎద్దు కాలు నుజ్జయింది.

మర్నాడు నూకాలు మండిపడుతూ సభకొచ్చి, రాజు పక్కన నిలబడ్డ భూపతిరాయుడి చేతి కంకణం చూపించింది.

"ప్రభూ, ఈయనకి ఆ బంగారు కంకణం ఎందుకు తొడిగారు?"

"కోటగోడ రాళ్లన్నీ ఒక్క బండితోనే తోలించినందుకు," అన్నాడు రాజు.

"ఆ బండినే నాకు అమ్మాడు. కాడి మీద కోటగోడ పనికి వేసిన మీ ముద్ర ఇంకా ఉంది. అది రాయి ఎరగదట!"

సభంతా నవ్వింది. నూకాలు నవ్వలేదు. అధికారి వైపు తిరిగింది.

"నాతో చెప్పింది నిజమైతే ఆ కంకణం తియ్యి. రాజుగారితో చెప్పింది నిజమైతే నా సొమ్ము కక్కు."

భూపతిరాయుడు కంకణాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "రాళ్లే మోసింది ప్రభూ," అని గొణిగాడు.

"అయితే ఆమె సొమ్ముతోపాటు ఎద్దు ఖరీదూ ఇచ్చి, నీ బండిని ఇవాళే తెచ్చుకో," అన్నాడు రాజు.

"ఆ బండికి శాల ఎద్దుల్ని కడితే వాటి కాళ్లు విరుగుతాయి ప్రభూ!"

నూకాలి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎద్దుకి కాళ్లుంటాయని ఇప్పుడు గుర్తొచ్చిందా? అయితే వాటిని కట్టకు. ఆ కాడి నీ మెడకెత్తుకో. ఎలాగూ పూలబండేగా!"

రాజు అడ్డు చెప్పలేదు.