పైడితల్లి పాదు

పైడితల్లి పెరట్లో కాసే నేతిబీర ఆమె అత్తగారి అత్తగారు దాచి ఇచ్చిన విత్తనం. ఆ కూర వెన్నలా ఉండేది. ఒకసారి దాని రుచి చూసిన కోట దొర, "ఇకనుంచి ఆ పాదున కాసిన ప్రతి కాయా నా వంటింటికే రావాలి" అని హుకుం వేశాడు. పైడితల్లి పిల్లలకు సొంత పెరటి కూర కరువైంది. అయినా ఆమె మారుమాట్లాడకుండా రోజూ కాయలు పంపింది.

కాపు చివర్లో ఒక ముదురు కాయను తానే వండి తెచ్చి దొరకు వడ్డించింది. దొర నోటికి పీచు తప్ప ఏమీ తగల్లేదు.

"ఏమిటిది?" అన్నాడు.

"విత్తనానికి వదిలిన కాయ దొరా. ప్రతి కాయా అన్నారు కదా, తెచ్చాను. పాదున ఇంకొక్కటే ఉంది. రేపు అదీ వండేస్తే వచ్చే ఏడు నాటడానికి గింజ ఉండదు."

దొర ముద్ద పక్కన పెట్టాడు. "వద్దు, ఉంచు. ఏటా ఎన్ని ఉంచాలి?"

"అది పాదును చూసి తేల్చుకోవాల్సిన మాట. కోటలో కూర్చుంటే తెలియదు. ఏ కాయ ఎటు వెళ్లాలో నాకు వదిలేయండి."

దొర ఒప్పుకోక తప్పలేదు. మరుసటి ఏడు కూడా కోటకు నేతిబీరకాయలు వెళ్లాయి, పైడితల్లి పిల్లలు తిన్నాక మిగిలినవి.