తడి ఆకుల్లో ఎండ

అనగనగా ఒక అడవి. మబ్బులు కొండ దిగి వచ్చి, చెట్ల మధ్య కూర్చుని కునుకు తీసే అడవి. అందులో నీలవేణి అని ఒక గిరినాగు ఉండేది. విషప్పాములన్నిటిలోకీ పొడుగాటి పాము అది. పడగెత్తి నిలబడిందంటే మీ అంత ఎత్తు వచ్చేస్తుంది. ఏం, భయమేసిందా? వినండి మరి. ఎంత పెద్ద పామైనా, అమ్మ అయ్యాక దాని భయాలు దానికుంటాయి.

నీలవేణి గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. గిరినాగు గూడు కట్టుకుంటుంది, తెలుసా? చేతులా, పిట్టకున్నట్టు ముక్కా, ఏమీ లేవు పాపం. ఒంటిని మెలిక వేసి, ఆ మెలికలో వెదురాకులు ఇరికించుకుని లాక్కొచ్చింది. ఒక రోజు లాగింది. రెండో రోజు లాగింది. పాముకి ఒళ్ళంతా నడుమే కదా, మూడో రోజుకి ఆ నడుమంతా పడిపోయింది. అయితేనేం, మోకాలెత్తు కుప్ప తయారైంది. మధ్యలో ఇరవై గుడ్లు పెట్టి, పైన మళ్ళీ ఆకులు కప్పి, ఆ పైన చుట్ట చుట్టుకుని పడుకుంది.

దానికి ఒకటే దిగులు. కోడి ఒళ్ళు వెచ్చన, పొదుగుతుంది. పాము ఒళ్ళు చల్లన.

"నా దగ్గర వేడి లేదే! నా పిల్లలకి ఏమివ్వను?" అనుకునేది. సూర్యుడి వైపు చూసి, "నాయనా, నువ్వే దిక్కు," అనేది.

ఎండ పొద్దంతా ఆకుల మీద పడేది. ఆ వెచ్చదనానికి నీలవేణికి మత్తు కమ్మేది. కలలో ఇరవై బుల్లి పడగలు కనబడేవి.

అంతలో ముసురు పట్టుకుంది. మబ్బుల వెనక్కి వెళ్ళిన సూర్యుడు మళ్ళీ రాలేదు. రెండు రోజులు, మూడు రోజులు, వారం. ఆకులు తడిసి నల్లబడ్డాయి. కుళ్ళు వాసన మొదలైంది. నీలవేణి గుండె జారిపోయింది.

అప్పుడొచ్చింది జెర్రిపోతు. మామూలు రోజుల్లో అయితే గిరినాగుకి జెర్రిపోతంటే ఇష్టమైన భోజనం. కానీ గూడు కాసే రోజుల్లో నీలవేణి ఏమీ తినదు. అది తెలిసే జెర్రిపోతు ఇంత దర్జాగా వచ్చింది. అయినా దూరంగానే నిలబడింది లెండి. 'ఈ గుడ్లు పిల్లలైతే నా పని అయిపోతుంది' అని దాని మనసులో మాట. పైకి మాత్రం ఎక్కడలేని జాలి.

"అయ్యో వదినా! ఎండ పోయింది, ఆకులు కుళ్ళిపోయాయి. ఇంకా ఈ చెత్త మీదే కూర్చున్నావా? గుడ్లని బండ మీద పెట్టు. మబ్బు విడిందంటే బండ పెనంలా కాగుతుంది," అంది.

"వద్దక్కా!" అని ఒక సన్నటి గొంతు వినబడింది.

ఆకుల్లోంచి ఒక వానపాము తల బయటపెట్టింది. తలో, తోకో, ఎవరికి తెలుసు!

నీలవేణికి ఒళ్ళు మండింది. "నన్ను అక్కా అనడానికి నువ్వెవరివే?" అంది.

"నేనూ పామునే కదక్కా. అందరూ వానపామనే పిలుస్తారు."

జెర్రిపోతు పడీ పడీ నవ్వింది. "చూశావా వదినా! వేలెడంత లేదు, గిరినాగుకి చెల్లెలట!"

"అక్కా, ఎండ ఎక్కడికీ పోలేదు. ఈ ఆకుల్లోనే ఉంది," అంది వానపాము.

"నీకు కళ్ళే లేవు. ఎండ గురించి నీకేం తెలుసు? పో లోపలికి!" అంది నీలవేణి.

వానపాము చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది.

మర్నాడు మబ్బు కాస్త విడింది. పక్కనే ఉన్న బండ మీద ఎండ పడింది. నీలవేణి ఒక్క గుడ్డుని బయటికి తీసి, మూతితో మెల్లగా దొర్లించుకుంటూ వెళ్ళి బండ మీద పెట్టింది. బండ నిజంగానే వెచ్చగా ఉంది! దానికి ప్రాణం లేచొచ్చింది. గుడ్డు చుట్టూ చుట్టుకుని కాసేపు కల కంది. మధ్యాహ్నానికి మబ్బు మళ్ళీ మూసేసింది. బండ ఎండని ఎంత తొందరగా తీసుకుందో, అంత తొందరగా గాలికి ఇచ్చేసింది. సాయంత్రానికి రాయి చల్లగా అయిపోయింది. గుడ్డు సొట్టలు పడి ముడుచుకుపోయింది. అందులో ఇక ప్రాణం లేదు.

పాములు ఏడవవంటారు. నీలవేణి ఏడ్చింది.

మర్నాడు జెర్రిపోతు మళ్ళీ వచ్చింది. "తప్పు బండది కాదు వదినా, మబ్బుది. ఈసారి గూడే విప్పెయ్. ఆ తడి చెత్తంతా లాగి పారేస్తే, ఎండ వచ్చినప్పుడు నేరుగా గుడ్ల మీదే పడుతుంది," అంది.

పాపం, నీలవేణికి ఏం చెయ్యాలో తోచలేదు. ఊరికే కూర్చుంటే మిగిలిన పందొమ్మిదీ పోతాయేమోనని భయం. ఒక మెలిక ఆకులు లాగింది. రెండో మెలిక లాగింది. మూడో మెలికకి కుప్ప నోరు తెరుచుకుంది.

లోపలినుంచి తెల్లటి ఆవిరి లేచింది. సన్నటి జల్లులో మెల్లగా సుళ్ళు తిరుగుతూ వెదుళ్ళ మధ్యకి తేలిపోయింది. పోతూ పోతూ నీలవేణి మూతిని తాకింది. వెచ్చగా!

"ఇదేమిటి? ఎండ లేదు, నిప్పు లేదు. ఈ వేడి ఎక్కణ్ణించి వచ్చింది?" అంది నీలవేణి.

"మూసెయ్యక్కా, మూసెయ్! అంతా పోతోంది!" అని వానపాము కేక పెట్టింది.

"ఆవిరిదేముంది, పోనీ. ఇంకా లాగు," అంది జెర్రిపోతు.

నీలవేణి ఇటు చూసింది, అటు చూసింది. ఎవరి మాట వినాలి? మూతి మీద ఆ వెచ్చదనం ఇంకా ఉంది. అదైతే అబద్ధం కాదు కదా! గబగబా ఆకులన్నీ వెనక్కి లాగి కప్పేసింది. తర్వాత జెర్రిపోతు వైపు తిరిగి పడగ విప్పింది.

"ఇంకొక్క మాట మాట్లాడావో, నా ఉపవాసం ఇవాళే విడుస్తాను."

జెర్రిపోతు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు!

నీలవేణి తల దించి, "చెల్లీ, నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. మనసులో పెట్టుకోకు. ఈ వేడి సంగతేమిటో చెప్పు," అంది.

చెల్లీ అనేసరికి వానపాము పొంగిపోయింది.

"నాకు కళ్ళు లేవు, నిజమే. వెలుగుని నేనెప్పుడూ చూడలేదక్కా. కానీ ఈ ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఎండ తాగాయి. ఆ వెలుగే ఆకులో ఆహారమైంది. ఆకు రాలిపోయినా ఆ శక్తి లోపలే ఉంది. ఇప్పుడు వాన తడి తగిలింది. కంటికి కనబడని బుల్లి బుల్లి జీవులు లక్షల కొద్దీ చేరి ఈ ఆకుల్ని తింటున్నాయి. వాటి తిండిలోంచే ఈ వేడి పుడుతోంది. నేనూ అదే తింటున్నా. నాలో అది కదలిక అవుతోంది. లేకపోతే ఇంత మట్టిని ఎలా తోసుకెళ్తాను?"

"మరి నా పిల్లల్లో?"

"ఈ వెచ్చదనంలో గుడ్డులోని సొన పిల్లవుతుంది. తర్వాత పిల్ల కదులుతుంది. కాస్త ఓపిక పట్టు."

వానలు కురుస్తూనే ఉన్నాయి. నీలవేణి కుప్ప మీద మగతగా పడి ఉండేది. కలలో ఒక్కో ఆకూ మళ్ళీ పచ్చబడి, తను తాగిన ఎండని గుడ్లకి గుక్క గుక్కగా పట్టిస్తున్నట్టు ఉండేది. ఎన్ని రోజులు గడిచాయో దానికి తెలియలేదు.

ఒక పొద్దున్న దాని కడుపు కింద ఏదో కదిలింది. ఒక చోట. ఇంకో చోట. అన్ని చోట్లా!

సంతోషంతో దాని ఒళ్ళు పులకరించింది. వెంటనే ఆకలి కూడా వేసింది. రెండు నెలల ఆకలి. గిరినాగులు పాముల్నే తింటాయి. అంత ఆకలిలో ఎదురుగా బుల్లి పాములు పాకితే ఏం జరుగుతుందో దానికి తెలుసు.

"చెల్లీ, నేను వెళ్ళిపోవాలి," అంది.

"ఒక్కసారైనా చూసుకోకుండానా?"

"చూసేదాకా ఆగితే నన్ను నేను నమ్ముకోలేను."

కుప్ప మీద కాసేపు గడ్డం ఆనించింది. తర్వాత వెదుళ్ళలోకి వెళ్ళిపోయింది. చాలా దూరం పోయేదాకా ఆగలేదు.

ఆ మర్నాడే గుడ్లు చిట్లాయి. పందొమ్మిది పిల్లలూ ఆకులు తోసుకుని బయటికొచ్చాయి. వచ్చీ రాగానే, "మా అమ్మ ఏది?" అన్నాయి.

వానపాముకి ఏడుపొచ్చినంత పనైంది. "మీ కోసం రెండు నెలలు ముద్ద ముట్టలేదురా. ఒంట్లో ఉన్న సత్తువంతా మీకు కాపలా అయింది. మిమ్మల్ని ఏమీ చెయ్యకూడదని దూరంగా వెళ్ళింది," అంది.

"అయితే అమ్మ సత్తువంతా అయిపోయిందా?" అంది అన్నిటికన్నా చిన్నది.

"అయిపోవడమేమిటి! ఏదీ, ఒకసారి పడగెత్తు."

చిన్నది వణుకుతూ వణుకుతూ తలెత్తింది. బుల్లి పడగ విచ్చుకుంది.

"అదిగో," అంది వానపాము.

నీతి: శక్తి ఎక్కడికీ పోదు, రూపం మార్చుకుంటుంది, కంటికి కనబడలేదని కంగారుపడి, ఉన్నదాన్ని చెదరగొట్టుకోకూడదు.