రుద్రయ్య తెచ్చిన భిక్ష

రుద్రయ్య తాతను మంచం మీంచి ఎలా లేపాలో గురుపాదానికి పాలుపోలేదు.

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ చిన్న జంగమ మఠంలో అతన్ని పెంచి పెద్దచేసింది రుద్రయ్యే. అలాంటి మనిషి ఇప్పుడు కాళ్ళు పీకుతున్నాయంటూ పగలంతా పడుకునే ఉంటున్నాడు. పిక్కలు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం పెరిగింది. వైద్యుడు వచ్చి చూసి, "జబ్బేమీ లేదు. నడవకపోతే మాత్రం వానలు మొదలయ్యేలోపు ఈ కాళ్ళు పడిపోతాయి. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఉండడు" అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి గురుపాదం రోజూ పొద్దున్నే మంచం పక్కన చేరి నడక వల్ల ఎంత మేలో చెప్పేవాడు. తిండి తగ్గించమనేవాడు. రుద్రయ్య శ్రద్ధగా వినేవాడు. "బాగా చెప్పినావు నాయనా" అని మెచ్చుకునేవాడు. మెచ్చుకుని, అటు తిరిగి పడుకునేవాడు.

ఒకప్పుడు మఠంలోని అయ్యలందరూ తెల్లవారగానే జోలె తగిలించుకుని, ఇల్లిల్లూ తిరిగి భిక్ష తెచ్చుకునేవాళ్ళు. వయసు మళ్ళినవాళ్ళు ఎండలో గడపలెక్కి దిగడం చూడలేక, వంటిల్లు తన చేతికి రాగానే గురుపాదమే అది మాన్పించాడు. బియ్యం, పప్పు మఠానికే వచ్చేలా చేశాడు. కంచాలు మంచాల దగ్గరికే పంపాడు. ఈ కాలంలో ఇంత సేవ ఎవరు చేస్తారని ఊరంతా అంది. ఆ మాట అతని చెవులకు కమ్మగానే ఉండేది.

చివరికి విసిగిపోయి తన గురువు చెన్నబసవ స్వామి దగ్గరికి వెళ్ళాడు. స్వామి రుద్రయ్యకన్నా పెద్దవాడు. ఎందరు వద్దన్నా తన నీళ్ళు తానే ఏటి నుంచి తెచ్చుకుంటాడు.

"ఎంత చెప్పినా తాత చెవిన పెట్టడం లేదు స్వామీ. మీరైనా ఒక మాట చెప్పండి."

స్వామి లేచి వంటింట్లోకి నడిచాడు. అన్నం అప్పుడే ఉడికింది. గుడ్డతో గిన్నె దించి పక్కన పెట్టాడు. బిందె ఎత్తి, నీళ్ళన్నీ మండుతున్న పొయ్యిలో కుమ్మరించాడు.

బుస్సుమని పొగ, బూడిద లేచాయి. వెనకే వచ్చిన గురుపాదం ఒక్క గెంతు వెనక్కి వేశాడు.

"ఈ అన్నం రేవులో పడవవాళ్ళకు ఇచ్చి రా" అన్నాడు స్వామి.

అతను తిరిగొచ్చేసరికి రుద్రయ్య మంచం ఎదుట, నేల మీద, ఖాళీ కంచం ముందు పెట్టుకుని స్వామి కూర్చుని ఉన్నాడు.

"ఈపొద్దు నువ్వు తెచ్చిన భిక్షే తింటా రుద్రయ్యా."

రుద్రయ్య నవ్వబోయాడు. స్వామి నవ్వలేదు.

"నాతో యాడైతాది స్వామీ? లేసి నిలబడేకే కాదు."

"నాకేం తొందర లేదులే."

మధ్యాహ్నం దాటింది. స్వామి పెదాలు ఎండిపోయాయి. గురుపాదం గ్లాసుతో పాలు తెస్తే కన్నెత్తి కూడా చూడలేదు.

"ఏం పని స్వామీ ఇది? ఇద్దరూ చచ్చిపోతారు!"

గురువు మీద అరిచింది తనేనని తెలిసి గురుపాదం గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. స్వామి తల తిప్పలేదు. మంచం మాత్రం కిర్రుమంది.

"అరవాకు నాయనా" అన్నాడు రుద్రయ్య. "స్వామి పస్తుంటే నేనెట్ల పండుకునేది?"

అతను కాళ్ళు కిందికి దించాడు. గోడ పట్టుకుని లేచాడు. చిలక్కొయ్యకున్న జోలె అందుకుని దుమ్ము దులిపాడు. గడప దగ్గర మోకాలి మీద కూలబడ్డాడు.

గురుపాదం "తాతా!" అంటూ ఉరికాడు. స్వామి అతని చెయ్యి పట్టుకున్నాడు. గుంజుకున్నా రాలేదు. ఆ పట్టుకు అతను దిమ్మెరపోయాడు.

"వదలండి స్వామీ, పడిపోతాడు!"

"పడినాడు. లేచేది కూడా చూడు."

రుద్రయ్య ద్వారబంధం పట్టుకుని లేచాడు. వీధి దాటడానికి అతనికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ స్వామి గురుపాదం చెయ్యి వదల్లేదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. "అయ్యో, మీరా అయ్యా!" అని నాగమ్మ కేక మఠం దాకా వినిపించింది.

రుద్రయ్య చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. కాళ్ళు గడగడ వణుకుతున్నాయి. జోలెలోంచి జొన్నరొట్టె తీసి కంచంలో పెట్టాడు. అందులో కాస్త వంకాయ కూర చుట్టి ఉంది.

"నాగమ్మకు మనవరాలు పుట్టిందంట స్వామీ. నడుస్తా ఉంది కూడా. నాకెవరూ చెప్పనే లేదు" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

గురుపాదం తల దించుకున్నాడు.

స్వామి సగం రొట్టె రుద్రయ్య చేతిలో పెట్టి, మిగతాది నిదానంగా తిన్నాడు.

"కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు. "రేపు ఆ పక్కింటికి పో."