కోడికాలి పీచు

ఈ కథ నాకు మొదట చెప్పింది గరిడీలో మట్టి జల్లించే కొండమ్మ. ఆవిడ కళ్లారా చూసింది. కాబట్టి ఇందులో పొల్లు లేదు.

రామినాయుడు గురువు కుస్తీ నేర్పే ఆ గరిడీలో అందరి చేతికీ గదలు, బక్క కుర్రాడు తవుడి చేతికి మాత్రం తడి గోనెసంచులు. రెండేళ్లుగా పొద్దున్నే వాటిని పిండడం, వేళ్లతో దూలం పట్టుకుని వేలాడడం, అదే వాడి సాధన. ఆ ఏడు జాతర కుస్తీకి గురువు వాడి పేరే చెప్పాడు. ఓడితే ఊరేగింపులో ముందు నడిచే జెండా పక్క గరిడీకి పోతుంది. తవుడికి అన్నం సయించలేదు.

"గురువుగారూ, నా ఒంట్లో కండేదీ? నన్ను దింపి గరిడీ పరువు తీసుకుంటారేటి?" అని అడిగేశాడు.

గురువు అప్పుడు కోడిని కోస్తున్నాడు. కీలు దగ్గర నరికి పారేసిన కాలొకటి తీసి, తెగిన చోట తేలిన తెల్లటి పీచు పట్టుకుని, "వేలు పెట్టు" అన్నాడు. తవుడు కోడివేళ్ల మధ్య వేలు పెట్టాడు. గురువు పీచు లాగాడు. చచ్చిన కోడి వాడి వేలిని గట్టిగా పట్టేసింది.

"ఇందులో కండుందేటిరా?"

"లేదండి."

"మరి నిన్ను పట్టిందేటి?"

తవుడు తన మణికట్టు తడుముకున్నాడు. లోపల తాళ్లు బిగిసి తగిలాయి.

"కండ లాగుతాది, ఎముక లేస్తాది. ఆ లాగుడు మోసుకుపోయేది ఇదే. రెండేళ్లూ నేను పెంచింది దీన్నిరా" అన్నాడు గురువు.

జాతరలో పక్క గరిడీ తరఫున ఎదురొచ్చిన బంగారునాయుడు ఎనిమిది మణుగుల మనిషి. "చీపురుపుల్లనంపారేటి గురువుగారూ, గోదా ఊడవడానికా?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. తవుడు వాడి మణికట్టు పట్టుకున్నాడు. బంగారునాయుడు విదిలించాడు, ఈడ్చాడు, గిరగిరా తిప్పాడు. తవుడి వేళ్లు విడలేదు. వాడికి రొప్పు పుట్టేదాకా ఆగి, తవుడు నడుము తిప్పి ఒక్క లాగు లాగాడు. బంగారునాయుడి భుజాలు రెండూ మట్టికి అంటుకున్నాయి. డప్పులు దద్దరిల్లాయి. జెండా ఇంటికొచ్చింది.

పక్క గరిడీ వాళ్లు మాత్రం తమవాడు కాలు జారి పడ్డాడని జాతర పుస్తకంలో అచ్చేయించుకున్నారు. నలభై ఏళ్లుగా అదే అబద్ధం చదువుతున్నారు. చదువొచ్చినవాళ్లెవరైనా ఆ ముక్క కొట్టేసి, తన కాళ్ల మీద పడ్డ తవుణ్ణి లేపుతూ గురువు ఆనాడన్న మాట రాయండి:

"నాకెందుకురా దండం? ఆ కోడికి పెట్టు."